ఒకే రాణి బిడ్డలు, తలా ఒక పని: జన్యువా, వయసా, మేతా?

నిమ్మతోట_పొదలకూరు:

నమస్కారం అండీ. పొదలకూరు పక్క నిమ్మతోటల్లో ఆరు దేశవాళీ తేనెటీగల పెట్టెలు ఉన్నాయి, తొర్ర ఈగలే. పక్క చేలో పొద్దున పూట మందు కొట్టడంతో రెండు పెట్టెల్లో మేతకు పోయిన ఈగలు సగానికి పైగా తిరిగి రాలేదు. లోపల మిగిలినవి చాలావరకు పిల్లలకు మేత పెట్టే లేత ఈగలు. ఆరేడు రోజులకు గడప దగ్గర చూస్తే, ఒంటి మీద నూగు ఇంకా రాలని ఈగలు కాళ్లకు పసుపుపచ్చ పుప్పొడి ముద్దలు కట్టుకుని దిగుతున్నాయి.

నాకు ముడి విడనిది ఇదే. 'ఫోరేజింగ్ జీన్' అని ఒక జన్యువు ఉందని, అది ఉన్న ఈగే మేతకు పోతుందని ఒక వీడియోలో చెప్పారు. అదే నిజమైతే ఈ దాది ఈగలకు ఆ జన్యువు ఎక్కడినుంచి వచ్చింది? ఇంకో ప్రశ్న ఏందంటే, బాగా తేనె పెట్టే ఒక్క పెట్టె నుంచే రాణుల్ని లేపి ఆరు పెట్టెల్లోనూ పెడితే అన్నీ అలాగే పని చేస్తాయా?

జన్యుపాఠం_ఒంగోలు:

ముందు ఆ వీడియో మాట సరిచేసుకుందాం. 'ఫర్' అని పొట్టిగా పిలిచే ఆ జన్యువు మీ పెట్టెలో ప్రతి ఈగలోనూ ఉంది. రాణిలో ఉంది, దాదిలో ఉంది, పోతుటీగలోనూ, అంటే మగ ఈగలోనూ ఉంది. అది ఉందా లేదా అని కాదు, మెదడులో ఎంత మోతాదున పని చేస్తోంది అని అడగాలి.

గందరగోళం ఎక్కడ మొదలైందో చెబుతాను. 1980లో మార్లా సొకొలోవ్‌స్కీ పండ్ల ఈగ పిల్లల్లో రెండు రకాలు చూపించారు: మేత మీద దూరదూరంగా పాకుతూ తినేవి, ఉన్నచోటే తినేవి. అక్కడ తేడా జన్యు రూపానిదే. తల్లిదండ్రుల నుంచి వస్తుంది, ఆ ఈగ బతికినంత కాలం మారదు. 2002లో బెన్‌షహర్, రాబిన్సన్, సొకొలోవ్‌స్కీ కలిసి అదే జన్యువును ఇటాలియన్ తేనెటీగలో వెతికారు. దాది ఈగ మెదడులో తక్కువగా, మేతకెళ్లే ఈగ మెదడులో ఎక్కువగా పని చేస్తోంది. ఇది ఊరికే వయసు వల్ల వచ్చిన తేడానా అన్న అనుమానం తీర్చడానికి, తొందరపడి చిన్న వయసులోనే మేతకు దిగిన ఈగల్ని అదే వయసు దాదులతో పోల్చారు. మేతకు దిగినవాటిలోనే ఎక్కువ. ఆ జన్యువు తయారుచేసే ఎంజైమును ఉసిగొలిపే సీజీఎంపీ అనే పదార్థాన్ని చక్కెర పాకంలో తాగిస్తే లేత ఈగలు ముందే మేతకు బయలుదేరాయి. అంటే పండ్ల ఈగలో రెండు వేర్వేరు పుస్తకాలు. తేనెటీగలో పుస్తకం ఒకటే, వయసును బట్టీ అవసరాన్ని బట్టీ పేజీ మారుతుంది.

ఒక్క జన్యువుతో పోయేది కూడా కాదు ఇది. 2003లో విట్‌ఫీల్డ్, రాబిన్సన్ బృందం 60 ఈగల మెదళ్లలో వేల జన్యువుల మోతాదులు ఒకేసారి కొలిచింది. ఆ లెక్కలు మాత్రమే చూసి ఏది దాది, ఏది మేతకెళ్లేది అని చెప్పమంటే 57 ఈగల్లో సరిగ్గా తేలింది.

ఇప్పుడు మీ పెట్టె సంగతి. మేతకెళ్లే ముసలి ఈగల తేనెసంచిలో ఇథైల్ ఓలియేట్ అనే పదార్థం ఉంటుంది. నోటి నుంచి నోటికి మేత పంచుకునేటప్పుడు అది లేత ఈగలకు చేరి, అవి మేతకు దిగడాన్ని ఆలస్యం చేస్తుంది. 2004లో తేలిన విషయం ఇది. మందు దెబ్బకు ముసలివి పోయాయి, అడ్డు తొలగింది. లేత ఈగల రక్తంలో జువెనైల్ హార్మోన్ పెరిగింది, విటెలోజెనిన్ అనే ప్రొటీన్ తగ్గింది. ఈ రెండూ తక్కెడ సిబ్బెల్లాంటివి, ఒకటి లేస్తే రెండోది దిగుతుంది. వాటితోపాటే 'ఫర్' మోతాదూ పెరిగి ఈగ గడప దాటింది. ఎవరూ పురమాయించలేదు, ఆపేవాళ్లు లేకుండా పోయారంతే.

దీనికి ఖరీదు ఉంది, అది మీరు పట్టించుకోవాలి. మేతకు దిగిన ఈగ తలలో పాల గ్రంథులు కుంచించుకుపోతాయి. దాదులు తగ్గితే వచ్చే విడత పిల్లలు మాడతాయి. మీ రెండు పెట్టెలకూ బలమైన పెట్టె నుంచి ఈగలు బయటపడబోయే మూసిన పిల్ల తెట్టె ఒక్కోటి ఇవ్వండి, ఈగల్ని పూర్తిగా దులిపి. చక్కెర, నీళ్లు సమపాళ్లలో కలిపిన పాకం పొద్దుగూకాక పెట్టండి. పగలు పెడితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి.

నిమ్మతోట_పొదలకూరు:

చాలా సంతోషం మేడమ్. మరి రాణి సంగతో? అది పుట్టుకతోనే వేరు కదా?

జన్యుపాఠం_ఒంగోలు:

గుడ్డు ఒకటేనండీ. పొదిగిన తరువాత మొదటి మూడు రోజులు కూలి (పని) ఈగ కాబోయే పిల్లకూ దాదుల పాలే దొరుకుతాయి. ఆ తరువాత దాని మేతలో తేనె, పుప్పొడి కలుస్తాయి, మేత కూడా కొలిచినట్టు తక్కువ. రాణి గదిలో పిల్లకు చివరిదాకా రాజాహారమే, అదీ తేలేంతగా. ఆ మేతను బట్టి జన్యువులు చదివే తీరు మారిపోతుంది. 2008లో మలెష్కా బృందం ఒక పని చేసింది. డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు వేసే డీఎన్ఎమ్‌టీ-3 అనే ఎంజైము జన్యువును లేత పిల్లల్లో అణిచింది. ఆ పిల్లల్లో ఎక్కువ భాగం, అండాశయాలు బాగా ఎదిగిన రాణులుగా బయటపడ్డాయి.

ఈ లెక్క మీ చేతి పనిలోనూ ఉంది. రాణిని లేపాలంటే పొదిగి 24 గంటలు దాటని పిల్లనే గదిలోకి మార్చమనేది అందుకే. అప్పటికది తెట్టె అడుగున పాల చుక్కలో తేలుతున్న తెల్లని కామాలా, గుడ్డు కన్నా కాస్తే పెద్దగా ఉంటుంది. మూడు రోజులు దాటిన పిల్లను మారిస్తే రాణీ కాని, కూలీ కాని మధ్యరకం పుడుతుంది. అండాశయంలో గొట్టాలు తక్కువ, గుడ్లు తక్కువ. చూపుకు రాణిలాగే ఉంటుంది కాబట్టి రెండు నెలలు పోయాక గానీ మోసం బయటపడదు.

వెలికొండ_పెట్టెలు:

మేడమ్ చెప్పిన వయసు లెక్కను పెట్టె దగ్గరే కళ్లతో చూడొచ్చు తమ్ముడూ. రంగు పెన్ను ఒకటి చాలు, ఓపిక మాత్రం నెల రోజులది కావాలి.

ఈగలు మూతలు కొరుక్కుని తలలు బయటపెడుతున్న పిల్ల తెట్టె ఒకటి తీసుకో. మెత్తని కుంచెతో పెద్ద ఈగలన్నీ దులిపి, సన్నజాలీ పంజరంలో పెట్టి, అదే పెట్టెలో పిల్లల మధ్య వేలాడదీయి. వేడి అదే చూసుకుంటుంది, పిల్ల గది 34, 35 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. తెట్టెలో కొన్ని తేనె గదులు మూత తీసి ఉంచాలి, లేకపోతే పుట్టిన ఈగ రాత్రికే ఆకలికి చస్తుంది. తెట్టె మీద పది సెంటీమీటర్ల చదరంలో ఒక పక్కనే నాలుగు వందలకు పైగా గదులుంటాయి. మనకు నూటయాభై ఈగలు చాలు.

పుట్టిన రోజు ఈగ బూడిదరంగులో, తడిసి ఆరిన పిల్లిపిల్లలా ఉంటుంది. ఎగరదు, కుట్టదు. అయినా నాలుగైదు గంటలు ఆగి, నూగు ఆరాక రంగు పెట్టు. రెక్కల మధ్య వీపు మీద ఆవగింజంత చుక్క, అంతే. నీళ్లలో కలిసే రంగు పెన్ను మంచిది. గోళ్ల రంగు వాడితే దాని వాసనకు కాపలా ఈగలు లోపలికి రానివ్వకుండా ఈడ్చేస్తాయి. రంగు రెక్క మొదట్లోకి పాకితే ఈగ ఇక ఎగరలేదు, మెడ సందులోకి పోతే చస్తుంది. రెండు నిమిషాలు ఆరనిచ్చి, పొద్దుగూకే వేళ పలచని పాకం చిలకరించి పెట్టెలోకి వదులు. ఒక్కో విడతకు ఒక్కో రంగు, తేదీ పుస్తకంలో రాసుకో. రాయకపోతే మూడో వారానికి ఎరుపు ముందా, తెలుపు ముందా గుర్తుండదు.

మొదటి రెండు మూడు రోజులు ఖాళీ గదుల్లో తలదూర్చి నాకి శుభ్రం చేస్తుంటాయి. తరువాత సుమారు పన్నెండో రోజుదాకా పిల్లల మేత. ఆ పైన మైనం, తెట్టె కట్టడం, బయటినుంచి వచ్చిన మకరందం అందుకోవడం. కొన్ని కొద్దిరోజులు కాపలా. మూడో వారంలో మేత. ఈ రోజులు ఇటాలియన్ ఈగ మీద కట్టిన లెక్క, మన ఈగలోనూ వరస అదే. అన్నీ ఒకే రోజు మారవు, కొన్ని ఈగలు కాపలా ముఖమే చూడవు.

గడప దగ్గర చాలామంది పొరపడే చోటు ఒకటుంది. మధ్యాహ్నం రెండు, మూడు గంటలప్పుడు లేత ఈగలు గుంపుగా బయటికొచ్చి, పెట్టె వైపు ముఖం పెట్టి గాల్లో అటూ ఇటూ ఊగుతాయి. అది మేత కాదు, ఇల్లు గుర్తుపెట్టుకోవడం. వాటిని మేతలో కలిపితే లెక్కంతా పది రోజులు ముందుకు జరుగుతుంది. కాలికి పుప్పొడి ఉన్నదాన్నో, పొట్ట ఉబ్బి బరువుగా దిగేదాన్నో మాత్రమే లెక్కపెట్టు. పొద్దున ఏడు నుంచి పదిలోపు మూడుసార్లు, పదేసి నిమిషాలు.

నీ పెట్టెల్లో జరిగినదాన్ని కావాలని చేసి చూడాలంటే, ఒకే వయసు లేత ఈగలు సుమారు వెయ్యి, ఒక రాణి, తేనె పుప్పొడి ఉన్న తెట్టె ఒకటి, ఖాళీ తెట్టె ఒకటి చిన్న పెట్టెలో పెట్టాలి. ఏడో రోజు నుంచి పదో రోజు లోపల కొన్ని మేతకు దిగుతాయి. దేశవాళీ ఈగతో ఉన్న చిక్కు, గుంపంతా పెట్టె వదిలి లేచిపోవడం. అందుకే మొదటి వారం గడపకు రాణి దాటలేని జాలీ బిగించు, స్టాండు కాళ్లు నీటి గిన్నెల్లో ఉంచు. చీమ ఎక్కితే ఆ చిన్న గుంపు ఒక్క రాత్రి కూడా నిలవదు.

నిమ్మతోట_పొదలకూరు:

అన్నా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. అయితే పనిలో జన్యువుల తేడాకు చోటే లేదా? రోహిణి కార్తెలో ఐదు పెట్టెల గడపల్లో ఈగలు బారులు తీరి రెక్కలతో గాలి విసురుతుంటే, ఒక పెట్టె ఈగలు మాత్రం మూకుమ్మడిగా బయటికొచ్చి వేలాడతాయి. అన్నీ ఒకే నీడలో ఉన్నాయి.

జన్యుపాఠం_ఒంగోలు:

చోటు ఉంది, చాలా పెద్ద చోటే. అది తండ్రుల వైపునుంచి వస్తుంది.

రాణి గాల్లో పదికి పైగా పోతుటీగలతో కలుస్తుంది. కాబట్టి పెట్టెలో ఈగలన్నీ ఒక తల్లి బిడ్డలే గానీ తండ్రులు వేరు. పోతుటీగ ఫలదీకరణ లేని గుడ్డు నుంచి పుడుతుంది, దానికి 16 క్రోమోజోములే, ఆడ ఈగకు 32. తండ్రిలో ఉన్నది ఒక్క జత కూడా కాదు గనుక వీర్యకణాలన్నీ ఒకే అచ్చు. అందుకే ఒకే తండ్రి బిడ్డల మధ్య పోలిక సగటున నాలుగింట మూడు వంతులు, తండ్రులు వేరైతే నాలుగో వంతు.

ఇలా ఒక్కో తండ్రి బిడ్డలకు ఒక్కో పని మీద ఒక్కో హద్దు ఉంటుంది. పొయ్యి మీద పాలున్నాయనుకోండి. ఒకామె అంచున బుడగ కనబడగానే లేస్తుంది, ఇంకొకామె పొంగి పొయ్యిలో పడ్డాక లేస్తుంది. ఇద్దరికీ పాలు దించడం తెలుసు, లేచే హద్దు వేరు. 2004లో జోన్స్, ఓల్డ్‌రాయిడ్ బృందం ఇదే విసురుడులో చూపింది. వేర్వేరు తండ్రుల బిడ్డలు వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర విసరడం మొదలుపెడతాయి. అందువల్ల వేడి పెరిగేకొద్దీ కొన్ని కొన్ని చేరుతూ పోతాయి, పిల్ల గది వేడి నిలకడగా ఉంటుంది. ఒకే తండ్రి ఉన్న పెట్టెలో అన్నీ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆపుతాయి, వేడి ఊగిసలాడుతుంది. మీ ఆరో పెట్టెకు ఇదే కారణమని ఇక్కడినుంచి చెప్పలేను. ఈగలు ఎక్కువై చోటు చాలకపోయినా, నీళ్లు దూరమైనా అలాగే వేలాడతాయి. ముందు ఆ రెండూ చూడండి.

పుప్పొడి తేవాలా, మకరందం తేవాలా అన్నదాంట్లోనూ తండ్రి వాటా ఉంది. రాబర్ట్ పేజ్ పుప్పొడి ఎక్కువ నిలవచేసే పెట్టెల్ని, తక్కువ చేసేవాటిని తరాల తరబడి విడివిడిగా ఎంపిక చేస్తూ పోతే రెండు వంశాలు స్పష్టంగా వేరుపడ్డాయి. తేడా ఒక్క జన్యువుది కాదు, క్రోమోజోముల మీద కనీసం నాలుగు చోట్లది.

వెలికొండ_పెట్టెలు:

వేసవి మాట వచ్చింది కాబట్టి ఒక గుర్తు చెబుతా. దేశవాళీ ఈగ విసిరేటప్పుడు తల బయటివైపు పెట్టి గాలిని లోపలికి తోస్తుంది. ఇటాలియన్ ఈగ తల గడప వైపు పెట్టి లోపలి వేడిగాలిని బయటికి లాగుతుంది. మన ఎండకు రెంటికీ నీళ్లు కావాలి. పెట్టెలకు దగ్గర్లో తొట్టి పెట్టి, ఈగలు మునగకుండా అందులో పుల్లలు వేయండి.

ఇక రెండో ప్రశ్న. ఒక్క మంచి పెట్టె నుంచే ఆరు రాణుల్ని లేపొద్దు తమ్ముడూ. తేనెటీగలో ఆడా మగా తేల్చే జన్యువు ఒకటుంది, సీఎస్‌డీ అంటారు, 2003లో బేయి బృందం గుర్తించింది. దాని రెండు ప్రతులు వేర్వేరు రూపాలైతే ఆడ, ఒకటే రూపమైతే మగ. అక్కాతమ్ముళ్లు కలిసే పరిస్థితి వస్తే రెండు ప్రతులూ ఒకటే అయ్యే గుడ్లు పెరుగుతాయి. అవి మగ పిల్లలవుతాయి, కూలి ఈగలు వాటిని పొదిగిన కాసేపటికే తినేస్తాయి. రాణి తనలో ఉన్న సీఎస్‌డీ రూపమే ఉన్న పోతుటీగతో కలిసిందంటే దాని వాటా గుడ్లలో సగం ఇలా పోతాయి. ఆరు పెట్టెలూ అక్కాచెల్లెళ్లవైతే చుట్టుపక్కల ఎగిరే పోతుటీగలూ ఆ కుటుంబానివే. మూడు నాలుగు వేర్వేరు పెట్టెల నుంచి రాణుల్ని తీసుకో. ఉదయగిరి, పెంచలకోన అడవుల వైపునుంచి వచ్చిపడే గుంపుల్ని పట్టి పెట్టెలకెక్కించడం కూడా కొత్త రక్తమే.

తేనె ఒక్కటే చూసి ఎంచొద్దు. పూత ఎక్కువున్న మూల పెట్టిన పెట్టె ఎటూ ఎక్కువ తెస్తుంది. చచ్చిన పిల్లను వాసన పట్టి బయటపడేసే గుణం చూడు, రోగాలు తట్టుకునేది దాంతోనే. ఈ గుణానికి మూత తీయడానికొక జన్యువు, పిల్లను లాగెయ్యడానికొక జన్యువు అని 1964లో రోతెన్‌బూలర్ లెక్కగట్టాడు. ఇంకా ఎక్కువ జన్యువులున్నాయని తరువాత తేలింది, అయినా పరీక్ష మాత్రం సులువు. మూసిన గదులు వరసగా పదికి పది, వంద ఎంచుకో. ఒక గది విప్పి చూస్తే లోపల ప్యూపా (పురుగుకూ ఈగకూ మధ్య దశ) కన్ను గులాబీ రంగులో ఉండాలి. పురుగులు గుచ్చే సన్నని సూదితో ప్రతి మూత మధ్యలోనుంచి ప్యూపా దాకా ఒక్క పోటు. పక్కన ఇంకో వంద గదులు ముట్టుకోకుండా గుర్తుపెట్టు, పోల్చడానికి. సరిగ్గా 24 గంటలకు చూడు. 95కు పైగా ఖాళీ చేసిన పెట్టె మంచిది, కొన్ని రోజుల తేడాతో రెండోసారీ అలాగే వస్తేనే లెక్క.

తప్పులు ఎక్కడంటే, ఇంకా పురుగు దశలో ఉన్నదాన్ని గుచ్చితే నీరు కారి ఏ పెట్టె అయినా పరుగున శుభ్రం చేస్తుంది. లావు సూది వాడినా అంతే, అప్పుడు గుణం కాదు, కన్నమే పరీక్ష అవుతుంది. బలహీనమైన పెట్టెనూ నిండు పెట్టెనూ పక్కపక్కన పెట్టి పోల్చడం ఇంకా పెద్ద తప్పు. ముందు నుంచే ఖాళీగా ఉన్న గదులు వందలో కలపకు.

చీమలపుట్ట_కందుకూరు:

తేనెటీగ దగ్గరే ఆగకూడదని రెండు మాటలు. ఇళ్ల చూరుల్లో, కిటికీ రెక్కల వెనక కాగితం లాంటి చిన్న గూళ్లు కట్టే కందిరీగల్లో రోపలీడియా మార్జినేటా ఒకటి. దక్షిణ భారతంలో బాగా దొరుకుతుంది. బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాలుగా దీన్ని చదివారు. ఇందులో రాణికీ కూలికీ ఒంటి తీరులో తేడానే లేదు. రాణి సాధువు, ఎవరి జోలికీ పోదు. దాన్ని తీసేస్తే అరగంటలోపే కూలీల్లో ఒకటి అమాంతం దూకుడు పెంచి మిగతావాటిని తరుముతుంది. రాణిని తిరిగి పెడితే తగ్గిపోతుంది, పెట్టకపోతే కొన్ని రోజులకు గుడ్లు పెడుతుంది, దూకుడూ చల్లారుతుంది.

చీమల్లో 'ఫర్' జన్యువు తీరు తిరగబడింది. 2005లో ఎర్ర గింజల చీమల్లో చూస్తే, మేతకెళ్లే చీమ మెదడులో తక్కువ, ఇప్పుడే బయటపడ్డ లేత చీమలో ఎక్కువ. ఒకే జన్యువును రెండు వంశాలు రెండు రకాలుగా వాడుకుంటున్నాయి. అందుకే దానికి 'మేత జన్యువు' అని పేరుపెట్టి అదే కారణమనడం నాకు నచ్చదు. 2016లో ఫ్లోరిడా కట్టెచీమల మీద చేసిన పని ఇంకా ముచ్చటైనది. పెద్ద తల సిపాయి చీమలు మామూలుగా మేతకు పోవు. పుట్టిన కొత్తలో వాటి మెదడులోకి హిస్టోన్‌ల (డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రొటీన్లు) మీది గుర్తులు చెరగకుండా ఆపే మందు ఎక్కిస్తే మేతకు దిగాయి. తల పెద్దదే, జన్యువులు అవే.

చెదల్ని మాత్రం ఈ లెక్కలో కలపకండి. వాటిలో కూలీలు ఆడా మగా రెండూ ఉంటాయి, రాజు రాణి పక్కనే జీవితాంతం ఉంటాడు. మగవాటికి సగం క్రోమోజోములు అన్నది వాటికి వర్తించదు.

కనిగిరి_కందిచేను:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. పిల్ల తెట్టెలో నడుమ నడుమ ఖాళీ గదులుంటే అది సీఎస్‌డీ వల్లా, రోగం వల్లా ఎలా తెలుస్తుంది అన్నా?

వెలికొండ_పెట్టెలు:

ఖాళీ గది అడుగు చూడన్నా. తుడిచినట్టు శుభ్రంగా ఉండి, కొన్నిట్లో కొత్త గుడ్డు మళ్లీ పడి ఉంటే, చచ్చిన పిల్ల ఎక్కడా లేకపోతే జన్యువుల పొత్తు కుదరని రాణి అని అనుమానించు, రాణిని మార్చు. పిల్ల గదిలో నిటారుగా, తల కొన పైకి లేచి పడవలా ఉండి, చిమటాతో లాగితే నీళ్ల సంచిలా వస్తే అది శాక్‌బ్రూడ్ అనే పిల్లల రోగం. 1991, 92ల్లో దక్షిణాదిలో దేశవాళీ పెట్టెల్ని ఊడ్చేసింది అదే. ఆ తెట్టె ఇంకో పెట్టెలో పెట్టకు, చేతులూ చాకూ కడగకుండా పక్క పెట్టె మూత తీయకు. రెంటికీ మధ్య తేల్చుకోలేకపోతే తెట్టె ముఖం ఎండకు తిప్పి, గది అడుగులు ఒక్కొక్కటే చూడు. నీడలో చూస్తే గుడ్డు కనబడదు.